మెయిన్ రాష్ట్రపు నీడమ్ మిఠాయిని ఇంట్లో చేయడం: దుంప ముద్ద జారకుండా, చాక్లెట్ పూత తెల్లబడకుండా

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో తిన్న నీడమ్ మిఠాయిని (కొబ్బరి కలిపిన తీపి బంగాళాదుంప ముద్దకు చాక్లెట్ పూత వేసిన బిళ్లను) ఇంట్లో చేయబోతే, బంగాళాదుంప ముద్దలో పంచదార పొడి వేయగానే అది పలచగా జారిపోయిందని, పైన వేసిన చాక్లెట్ పూత కూడా మర్నాటికి తెల్లటి మచ్చలు కట్టిందని మీరు రాశారు. దుంప మానేసి కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసుకోవచ్చా అనీ అడిగారు. ఆ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరానికి దగ్గరలో కాపురముంటూ, పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకొని, ఏటా చలికాలంలో ఈ మిఠాయి చేస్తున్న అనుభవంతో జవాబు రాస్తున్నాను. దుంపను మాత్రం మానవద్దు. కండెన్స్‌డ్ మిల్క్‌తో చేస్తే సాగే కొబ్బరి బిళ్ల వస్తుందే తప్ప, నోట్లో పెట్టగానే మెత్తగా విడిపోయే నీడమ్ రాదు.

దుంప రుచి ఇందులో తెలియదు, తెలియకూడదు కూడా. ఉడికిన దుంపలోని పిండిపదార్థం తడిని, వెన్నను పట్టి ఉంచుతుంది కాబట్టే పాకం పట్టే పని లేకుండా, అంత పంచదార పడినా లోపలి భాగం గరగరలాడకుండా, మృదువుగా నిలుస్తుంది. మెయిన్ ఉత్తరాన ఉన్న అరూస్టుక్ కౌంటీ బంగాళాదుంప పంటకు పేరుపొందిన ప్రాంతం; అక్కడి కొన్ని బడులకు నేటికీ శరదృతువులో దుంపలు తవ్వే రోజుల్లో సెలవులిస్తారు. అటువంటి చోట దుంప మిఠాయిలోకి చేరడం సహజమే. 1870ల్లో పోర్ట్‌లాండ్‌కు వచ్చిన నీడమ్ అనే మతబోధకుడి పేరే దీనికి పెట్టారని అక్కడివారు చెప్పుకొంటారు. ఫిలడెల్ఫియాలో ఐరిష్ పొటాటో పేరుతో అమ్మే మిఠాయి మాత్రం వేరు. దాల్చినచెక్క పొడి అద్దిన ఆ కొబ్బరి ఉండల్లో సాధారణంగా దుంప ఉండదు, కాబట్టి ఆ కొలతలు దీనికి పనికిరావు.

ఇక ముద్ద జారడం గురించి. పంచదారకు తడిని లాక్కునే గుణం ఉంది. వేడి దుంప ముద్దలో మొదటి రెండు మూడు గరిటెల పొడి పడగానే అది దుంపలోని నీటిని లాగి కరిగిపోతుంది, ముద్ద పాయసంలా పలచబడుతుంది. ఇది చూసి చాలామంది పని చెడిపోయిందనుకొని అక్కడే ఆపేస్తారు. నిజానికి అలా పలచబడటం ప్రతిసారీ జరిగేదే. పొడి కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతూ పోతే, కరగడానికి ఇక నీరు మిగలని స్థితి వచ్చి, ముద్ద మళ్లీ గట్టిపడుతుంది. కొలత ప్రకారం పంచదార, కొబ్బరి మొత్తం పడిన తరువాత కూడా గరిటె నుంచి ధారగా కారుతుంటే, అప్పుడు తప్పు దుంపలో ఉన్న అదనపు నీటిదే.

అందువల్ల నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టేది దుంప దగ్గరే. రసెట్ వంటి పిండి దుంపలు తీసుకొని, ముక్కలు కోయకుండా తొక్కతోనే ఉడకబెట్టాలి; ముక్కలుగా కోస్తే కోసిన ప్రతి ముఖం నీరు తాగుతుంది. కొత్త దుంపలు జిగురుగా ఉంటాయి, ఇందుకు బాగుండవు. ఉడికాక తొక్క తీసి, ఖాళీ గిన్నెలో సన్నని సెగ మీద ఆవిరి పోయేదాకా కదపాలి. ఆ తరువాత జల్లెడ మీద వేసి గరిటెతో నొక్కి దించాలి. మిక్సీలో మాత్రం వేయవద్దు: బ్లేడు దెబ్బకు పిండి కణాలు పగిలి ముద్ద బంకలా సాగుతుంది, దాన్ని బాగుచేసే దారి లేదు. రాత్రి కూరకని పాలు, ఉప్పు, వెన్న కలిపి మెదిపిన దుంప కూడా వాడకూడదు.

నేను పాటించే కొలతలు మెయిన్‌లో చాలా ఇళ్లలో వాడేవే. మెదిపిన దుంప ముప్పావు కప్పు, అంటే సుమారు 170 గ్రాములు. వెన్న 115 గ్రాములు. పంచదార పొడి 900 గ్రాములు. ఎండుకొబ్బరి తురుము 225 గ్రాములు. వెనీలా రెండు టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా. ఉప్పు తగ్గించవద్దు, అంత తీపిని అదే అదుపులో పెడుతుంది. మరిగే నీటి మీద పెట్టిన గిన్నెలో వెన్న, దుంప కలిసేదాకా కరిగించి, దించి, జల్లించిన పంచదార పొడిని విడతలుగా, చివర కొబ్బరిని, వెనీలాను కలపాలి. అక్కడివారు తీపి కలిపిన కొబ్బరి వాడతారు. నాకు మన దుకాణాల్లో దొరికే తీపి లేని ఎండుకొబ్బరి తురుమే నచ్చుతుంది. అయితే అది బాగా పొడిగా ఉంటే ముద్ద పొడిపొడిగా రావచ్చు, అప్పుడు చెంచాడు పాలు చిలకరిస్తే సరిపోతుంది. పచ్చికొబ్బరి వద్దు, దాని తడికి నిల్వ ఉండదు. వెన్న రాసిన సుమారు 25×38 సెంటీమీటర్ల పళ్లెంలో పరిచి, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, చతురస్రాలుగా కోసుకోవాలి. నీడమ్ సంప్రదాయంగా చతురస్రంగానే ఉంటుంది.

పూతకు సుమారు 450 గ్రాముల డార్క్ చాక్లెట్ పడుతుంది. లోపలి తీపిని తట్టుకోవాలంటే తియ్యటి మిల్క్ చాక్లెట్ చాలదు. పాత వంటకాల్లో మెరుపు కోసం, గట్టిదనం కోసం చాక్లెట్‌లో పారఫిన్ మైనం కరిగించేవారు. తినదగినదిగా అమ్మే మైనంతో ఇప్పటికీ అలా చేసేవారు ఉన్నారు గాని, చాక్లెట్‌ను సరైన వేడిలో పదును పెడితే (టెంపరింగ్ చేస్తే, అంటే కరిగించి కొలిచిన వేడికి చల్లారిస్తే) మైనం అవసరమే ఉండదని నా అభిప్రాయం. కోకో వెన్న చల్లారే తీరును బట్టి రకరకాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఒక్కటే మెరుపు, విరుపు రెండూ ఇస్తుంది. మూడొంతుల చాక్లెట్‌ను 45-50 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగించి, మిగిలిన ఒక వంతు ముక్కలు అందులో వేసి, 31-32 డిగ్రీలకు దిగేదాకా కలుపుతూ ఉండాలి. వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోవడం మేలు. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ గడ్డలు కడుతుంది కనుక గిన్నె, గరిటె పూర్తిగా పొడిగా ఉండాలి.

మీ పూత తెల్లబడటానికి రెండు కారణాలు ఉండవచ్చు. పదును కుదరకపోతే కోకో వెన్న పైకి తేలి బూడిదరంగు మచ్చలు కడుతుంది. ముక్కల్ని ఫ్రీజర్‌లో నుంచి తీసి వెంటనే ముంచితే గాలిలోని చెమ్మ వాటి మీద పేరుకొని, అది ఆరాక పంచదార తెల్లటి పొరలా మిగులుతుంది. పైగా మంచులా ఉన్న ముక్క వేడెక్కి వ్యాకోచించినప్పుడు పూత పగులుతుంది. కోసిన ముక్కల్ని పది పదిహేను నిమిషాలు బయట ఉంచి, చల్లదనం కొంత తగ్గాక ఫోర్కుతో ముంచి, అంచుకు తట్టి, బటర్ పేపర్ మీద పెట్టండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేసేవారు వేసవిలో ఏసీ గదిలోనే పూత వేయాలి, ఎందుకంటే పదును పెట్టిన చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కాంపౌండ్ చాక్లెట్‌కు ఈ తంటా లేదు, అందులో కోకో వెన్నకు బదులు వేరే కొవ్వు ఉంటుంది. రుచి మాత్రం తగ్గుతుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడలోనే కోకో పండుతున్నప్పుడు, అక్కడి గింజతో చేసిన మంచి చాక్లెట్ దొరికితే దానితోనే చేయమని నేను చెబుతాను. పూత ఆరాక గాలి చొరబడని డబ్బాలో, వరుసకూ వరుసకూ మధ్య బటర్ పేపర్ పరిచి, ఫ్రిజ్‌లో పెడితే మా ఇంట్లో రెండు వారాలు బాగానే ఉంటాయి. తినేముందు డబ్బా మూత తీయకుండానే అరగంట బయట ఉంచండి, చెమ్మ డబ్బా మీదే పడుతుంది, మిఠాయి మీద పడదు.