కొత్తవాళ్లు మొదటి పీఆర్ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

ప్రశ్న: మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు గిట్‌హబ్‌లో ఉంది. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్, కోడ్ ఆఫ్ కాండక్ట్, స్వాగతం చెప్పే బాట్ అన్నీ పెట్టాం. అయినా కొత్తవాళ్లు "ఇది నేను చేస్తాను" అని రాసి కనిపించకుండా పోతున్నారు, లేదా ఒక్క పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే తాము మార్చిన కోడ్‌ను ప్రాజెక్టులో కలపమనే అభ్యర్థన) వేసి మళ్లీ రావడం లేదు. ఏం మార్చాలి?

జవాబు:

మీరు పెట్టినవన్నీ ఉండాల్సినవే, తీసేయకండి. కానీ వచ్చినవాళ్లు వెళ్లిపోయేది పలకరింపు కరువై కాదు. రిపోను (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) తమ కంప్యూటర్‌లోకి క్లోన్ చేసుకున్నాక టెస్టులు ఒక్కసారైనా పాస్ కాకముందే కొందరు విసిగిపోతారు. పీఆర్ వేశాక ఎవరూ పలకక మిగతావాళ్లు వెళ్లిపోతారు. ముందు ఈ రెండు సమయాలూ కొలవండి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన కాంట్రిబ్యూటర్లలో (ప్రాజెక్టుకు పని చేసిపెట్టేవాళ్లలో) రెండోదాని గురించి గమనించింది కూడా ఇదే. మొదటి ప్యాచ్‌కు 48 గంటల్లో రివ్యూ అందినవాళ్లు మళ్లీ రావడం చాలా ఎక్కువ, 7 రోజులు దాటాక అందినవాళ్లు మళ్లీ రావడం దాదాపు లేదు.

సెటప్‌ను మీ సొంత లాప్‌టాప్‌లో పరీక్షిస్తే ఏమీ తెలియదు. అందులో ఏళ్లుగా పేరుకున్న ప్యాకేజీలు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉంటాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ మెషీన్ ఒకటి తీసుకుని, ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని మనిషిని దాని ముందు కూర్చోబెట్టి, కాంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో (కొత్తవాళ్లకు సూచనలు రాసే ఫైల్) ఉన్నది ఉన్నట్టు చేయమనండి. మీరు పక్కనే ఉండండి కానీ నోరు విప్పకండి. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగారో రాసుకోండి. అరగంటలో మొదటి టెస్టు నడవలేదంటే లోపం ఆ ఫైల్‌లోనే ఉంది.

ఎక్కువగా తగిలే గుంతలు ఇవి. విండోస్‌లో గిట్ చాలాసార్లు లైన్ ఎండింగ్స్‌ను (లైను ముగిసిందని చెప్పే కనిపించని గుర్తులను) లైనక్స్ వాడే ఎల్‌ఎఫ్ నుంచి విండోస్ వాడే సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా మారుస్తుంది. అప్పుడు డాకర్ కంటెయినర్‌లో షెల్ స్క్రిప్ట్ నడవదు. ఫైల్ కళ్ల ముందే ఉన్నా "అలాంటి ఫైల్ లేదు" అని ఎర్రర్ వస్తుంది, కొత్తవాళ్లకు దాని తలాతోకా అర్థం కాదు. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో షెల్ స్క్రిప్టులకు ఎల్‌ఎఫ్ అని ఒక్క లైను రాస్తే ఇది పోతుంది. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) వాడేవాళ్లు రిపోను సీ డ్రైవ్‌లో ఉంచితే ప్రతి పనీ నత్తనడక నడుస్తుంది, లైనక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోమని చెప్పండి. నోడ్ ప్రాజెక్టు అయితే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాకుండా ఎన్‌పీఎం సీఐ వాడమనండి. మొదటిది లాక్ ఫైల్‌ను (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ఫైల్) మార్చేయగలదు, ఆ మార్పు వందల లైన్లుగా పీఆర్‌లోకి ఎక్కుతుంది. ఎడిటర్‌లో సేవ్ చేయగానే ఫార్మాట్ అయ్యే సెట్టింగ్ కూడా ఇంతే: మార్చింది రెండు లైన్లు, డిఫ్‌లో (మారిన లైన్ల జాబితాలో) కనిపించేది ఆరువందలు. ఫార్మాటర్ కాన్ఫిగ్ రిపోలోనే ఉంటే ఎవరి ఎడిటరైనా దాన్నే పాటిస్తుంది.

రిపో చరిత్ర పెద్దదైతే బ్లాబ్‌లెస్ క్లోన్ కమాండ్ ఇవ్వండి. కమిట్లన్నీ వస్తాయి, పాత ఫైళ్ల లోపలి సరుకు మాత్రం అవసరమైనప్పుడే దిగుతుంది. హాస్టల్ వైఫై మీదో ఫోన్ హాట్‌స్పాట్ మీదో పని చేసే విద్యార్థికి ఇది చాలా పెద్ద సాయం. ఇంకొకటి: ఫోర్క్ (రిపోకు తమ ఖాతాలో సొంత కాపీ) చేశాక మెయిన్ బ్రాంచ్ మీదే కమిట్ చేస్తే రెండో పీఆర్‌లో మొదటి పీఆర్ కమిట్లు కలిసిపోతాయి. కొత్త బ్రాంచ్ తెరిచే కమాండ్‌ను కాంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో ఎడిటింగ్ కంటే ముందే రాయండి.

మెయింటెయినర్ల (ప్రాజెక్టును నడిపేవాళ్ల) కంటికి ఆనని చోటు సీఐ, అంటే ప్రతి పీఆర్‌కూ టెస్టులు తానే నడిపే వ్యవస్థ. మొదటిసారి పీఆర్ వేసినవాళ్ల వర్క్‌ఫ్లోలు గిట్‌హబ్‌లో మామూలుగా మీ అనుమతి కోసం ఆగుతాయి. వాళ్లు ఎదురుచూస్తుంటారు, మీకేమో ఏదో నడుస్తున్నట్టే అనిపిస్తుంది. రోజుకొకసారి చూసి, డిఫ్‌లో తేడా ఏమీ లేకపోతే అనుమతించండి. ఫోర్క్ నుంచి వచ్చిన పీఆర్‌లకు మీ సీక్రెట్స్ (పాస్‌వర్డులు, టోకెన్లు) అందవు కాబట్టి డిప్లాయ్, కవరేజ్ అప్‌లోడ్ లాంటి జాబ్‌లు ఫెయిలవుతాయి. ఆ ఎర్రగుర్తు చూసి కొత్తవాళ్లు తప్పు తమదే అనుకుంటారు. అలాంటి జాబ్‌లను విడదీసి, సీక్రెట్ లేనప్పుడు దాటేసేలా రాయండి. ఈ ఇబ్బంది పోతుందని సీక్రెట్స్ అందే పుల్ రిక్వెస్ట్ టార్గెట్ ఈవెంట్‌కు మార్చి, అందులో పీఆర్ కోడ్‌ను నడిపించకండి. ఎవరో రాసిన కోడ్ చేతికి మీ టోకెన్లు ఇచ్చినట్టే.

ఇక ఇష్యూలు, అంటే చేయాల్సిన పనులను వివరించే నమోదులు. లేబుల్ తగిలించినంత మాత్రాన ఇష్యూ సులువైపోదు. ఏ ఫైల్, ఏ ఫంక్షన్, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఏం జరగాలి, ఏ టెస్టు నడిపి సరిచూడాలి, ఏది ముట్టుకోకూడదు, సందేహం వస్తే ఎవరిని అడగాలి... ఇవన్నీ అందులో ఉండాలి. రాయడానికి మీకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక్కోసారి ఆ పని మీరే చేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది, అయినా చేయకండి. అలాంటివి ఐదారు ఎప్పుడూ తెరిచి ఉంటే చాలు, యాభై అక్కర్లేదు. కోడ్ తెలిసినవాళ్లకు రెండు మూడు గంటల పని అయితే 'హెల్ప్ వాంటెడ్' కిందికి మార్చండి. పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కుబర్నెటీస్ ఈ రెండు లేబుళ్లనూ వేర్వేరు నియమాలతో నడుపుతుంది, ఆ విభజన చిన్న ప్రాజెక్టుకూ పనికొస్తుంది. రీడ్‌మీలో అక్షరదోషాలు దిద్దడాన్ని మాత్రం మొదటి పనిగా పెట్టకండి. పీఆర్‌లు వేస్తే టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఆ టీషర్టు కోసం అలాంటి పీఆర్‌లు వెల్లువెత్తి, పోటీ మధ్యలోనే, తామై చేరిన ప్రాజెక్టుల పీఆర్‌లనే లెక్కించేలా నియమం మార్చాల్సి వచ్చింది.

"సర్, దయచేసి ఇది నాకు అసైన్ చేయండి" అనే వ్యాఖ్యలు మన కాలేజీల పిల్లల నుంచి చాలా వస్తాయి. అడగకుండా ముట్టుకోకూడదని నేర్చుకున్న మర్యాద అది, దాన్ని తప్పుపట్టకండి. "అనుమతి అక్కర్లేదు, మొదలుపెట్టి డ్రాఫ్ట్ పీఆర్ వేయండి" అని ఇష్యూలోనే రాసేయండి. అసైన్ చేసే పద్ధతే కావాలంటే గడువు కూడా చెప్పండి: 14 రోజులు కదలిక లేకపోతే ఇష్యూ మళ్లీ అందరిదీ. రస్ట్ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో బాట్‌కు ఒక వ్యాఖ్య రాసి ఎవరికి వారే ఇష్యూ తీసుకోవచ్చు, అలాగే వదిలేయవచ్చు. ఇలా వదిలేయడానికి మర్యాదైన దారి ఉండటం చాలా ముఖ్యం. అది లేకే చాలామంది మొహమాటంతో మౌనంగా ఉండిపోతారు.

రివ్యూకు తీరిక లేకపోయినా రెండు రోజుల్లో ఒక్క వాక్యం రాయండి: "చూశాను, ఆదివారంలోపు పూర్తిగా చదువుతాను." తర్వాత ఆ మాట నిలబెట్టుకోండి. మొదటి రివ్యూలో ముప్పై వ్యాఖ్యలు పెట్టకండి. తప్పక మార్చాల్సినవి ఏవో, ఇష్టమైతే మార్చుకోదగ్గవి ఏవో విడివిడిగా చెప్పండి. కామాలు, పేర్ల లాంటి చిన్న దిద్దుబాట్లను గిట్‌హబ్ సజెషన్‌గా ఇస్తే వాళ్లు ఒక్క క్లిక్‌తో కలుపుకుంటారు. డీసీఓ (ఈ కోడ్ పంపే హక్కు నాకుందని కమిట్‌లో ఇచ్చే హామీ) అడుగుతుంటే సైన్డ్ ఆఫ్ లైను మరిచిపోవడం ఖాయం. చివరి కమిట్‌ను ఆ లైనుతో అమెండ్ చేసి మళ్లీ ఫోర్స్ పుష్ చేసే రెండు కమాండ్లనూ బాట్ సందేశంలోనే పెట్టండి. పని పూర్తికాక మీరే తిరగరాస్తే కమిట్ కింద కో-ఆథర్డ్ లైనులో వాళ్ల పేరు ఉంచండి.

అనువాదకుల గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి, వాళ్లూ కాంట్రిబ్యూటర్లే. వాళ్లను గిట్ నేర్చుకోమనకండి. ఫైర్‌ఫాక్స్‌కు పాంటూన్, లిబ్రేఆఫీస్‌కు వెబ్‌లేట్ అనే అనువాద సైట్లు ఉన్నట్టు మీరూ ఒక వెబ్ పనిముట్టు ఇవ్వండి. వాక్యాన్ని ముక్కలుగా అతికించే కోడ్ ఉంటే తెలుగు అనువాదం అసాధ్యం: ఇంగ్లీషులో 'డిలీట్' ముందు, ఫైల్ పేరు తర్వాత. తెలుగులో పేరు ముందొచ్చి, 'ను' చేరి, క్రియ చివరికి పోవాలి. మొత్తం వాక్యాన్ని ప్లేస్‌హోల్డర్‌తో (ఫైల్ పేరు వచ్చే చోట ఖాళీ గుర్తుతో) ఒకే స్ట్రింగ్‌గా ఉంచండి. 'ఓపెన్' లాంటి పదం పక్కన అది బటనా, స్థితా అని వ్యాఖ్య రాయండి. 'తెరువు' అనాలో 'తెరిచి ఉంది' అనాలో అది లేకుండా ఎవరికీ తెలియదు.

పీఆర్ మెర్జ్ చేసేటప్పుడు "థ్యాంక్స్" దగ్గర ఆగకండి. వాళ్లు ఇప్పుడే చదివిన ఫైల్‌కు దగ్గర్లో ఉన్న, కొంచెం పెద్ద ఇష్యూ ఒకటి లింకుతో చూపించి, "మీరు రాసిన టెస్టే దీనికీ మొదలు, వీలైతే చూడండి" అని అదే వ్యాఖ్యలో రాయండి. ఆ రెండో ఇష్యూను మెర్జ్ నొక్కడానికి ముందే ఎంచి పెట్టుకోండి.