ఎలక్ట్రానిక్ భాగాల మీది చీమతలకాయంత అక్షరాల చిక్కు: పాఠకుల సందేహాలకు జవాబులు

ప్రశ్న: ఎల్‌ఈడీ బల్బు డ్రైవరు బోర్డులో 100 అని రాసి ఉన్న రెసిస్టరు కాలిపోయింది. సరిగ్గా 100 ఓంలదే కొని వేశాను. బల్బు మిణుగురులా వెలుగుతోంది. తప్పెక్కడ?
— ఒక ఐటీఐ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఆ 100ను వంద అని చదవడమే తప్పు. మూడంకెల కోడ్‌లో మొదటి రెండూ అసలు అంకెలు, మూడోది వాటి వెనక పెట్టాల్సిన సున్నాల లెక్క. ఇక్కడ మూడోది 0, కాబట్టి 10 పక్కన ఒక్క సున్నా కూడా పెట్టక్కర్లేదు, అంటే అది 10 ఓంలు. 100 ఓంలైతే 101 అని ఉండేది. ఆ డ్రైవరు ఐసీ (బోర్డు మీది చిప్) ఈ రెసిస్టరు మీద పడే వోల్టేజీని చూసుకుంటూ బల్బుకు వెళ్లే కరెంటును అదుపు చేస్తుంది. మీరు పది రెట్లు పెంచారు, కరెంటు పదోవంతుకు పడిపోయింది.

నాలుగంకెలుంటే మొదటి మూడూ అసలు అంకెలు: 1000 అంటే 100 ఓంలు, 1002 అంటే 10 కిలో ఓంలు. మధ్యలోనో మొదట్లోనో ఇంగ్లీషు ‘ఆర్’ ఉంటే అది దశాంశ బిందువు. 4ఆర్7 అంటే 4.7 ఓంలు, ఆర్100 అంటే 0.1 ఓం. ఒట్టి 0 ఉంటే అది తీగముక్కతో సమానం.

అందరూ తికమకపడేది రెండంకెలూ ఒక అక్షరమూ ఉన్న రకం. రాసిన విలువకు ఒక శాతం మించి తేడా ఉండని రెసిస్టర్ల మీద కనిపిస్తుంది. ఇందులో అంకెలు విలువ కావు, 96 విలువల పట్టికలో వరుస సంఖ్య. 01 అంటే 100, 68 అంటే 499. అక్షరం గుణకం: ఏ 1, బీ 10, సీ 100, డీ 1000, ఎక్స్ పదోవంతు. కాబట్టి 01సీ అంటే 10 కిలో ఓంలు, 68సీ అంటే 49.9 కిలో ఓంలు. ఒకే 10 కిలో ఓంలు 103గా, 1002గా, 01సీగా మూడు వేషాల్లో కనిపిస్తుందన్నమాట.

బోర్డు మీద ఉండగానే కొలిస్తే చుట్టుపక్కల దారులు కలిసి రీడింగు తగ్గవచ్చు. పెరగడం మాత్రం జరగదు. రాసినదానికంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ రెసిస్టరు పోయినట్టే. అయితే కొలిచేముందు ప్లగ్గు తీసేసి పెద్ద కెపాసిటరును ఖాళీ చేయండి. 230 వోల్టుల సరఫరా మీద దానిలో 325 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేయకండి, కొన్ని కిలో ఓంల 5 వాట్ల రెసిస్టరును రెండు కాళ్లకూ కాసేపు ఆనించండి.

ప్రశ్న: ఒకే పవర్ సప్లై బోర్డులో మూడు వేర్వేరు భాగాల మీద 471 అని ఉంది. మూడూ ఒకటేనా?
— ఏలూరు

జవాబు: కానే కాదు. కోడ్ అంకెనే చెబుతుంది, ఏ కొలతలోనో చెప్పదు. రెసిస్టరు మీద 471 అంటే 470 ఓంలు. కెపాసిటరు మీదైతే 470 పికోఫారడ్లు. తీగచుట్ట (ఇండక్టరు) మీదైతే 470 మైక్రోహెన్రీలు. వోల్టేజీ ఎగిరినప్పుడు పరికరాన్ని కాపాడే, నీలం బిళ్లలా ఉండే వేరిస్టరు మీదైతే 470 వోల్టులు. అందుకే ముందు ఆకారం చూడండి, తర్వాత బోర్డు మీద పక్కనే అచ్చువేసిన అక్షరం చూడండి: ఆర్ రెసిస్టరు, సీ కెపాసిటరు, ఎల్ చుట్ట, డీ డయోడు, క్యూ ట్రాన్సిస్టరు, యూ ఐసీ.

వేరిస్టరు మీద 10డీ471కే అని పూర్తిగా ఉంటే 10 అనేది బిళ్ల వ్యాసం మిల్లీమీటర్లలో, కే అంటే పది శాతం అటూఇటూ. అది ఏసీలో 300 వోల్టుల దాకా నిలబడుతుంది. 431 అయితే 275 దాకా. మన కరెంటుకు రెండూ వేస్తారు, వోల్టేజీ తరచూ ఎగిరే ఊళ్లలో 471 మేలు. బంధువులు అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల పరికరంలో 241 ఉండొచ్చు. అది 150 వోల్టుల ఏసీకే సరి. ఇక్కడ నేరుగా గుచ్చారంటే ముందు పగిలేది అదే.

దాని పక్కనే నల్లటి బిళ్ల మీద 5డీ-9 అని ఉంటే లెక్క తిరగబడుతుంది. అది స్విచ్చు వేయగానే దూసుకొచ్చే కరెంటును ఆపే థర్మిస్టరు. ఇక్కడ 5 అంటే చల్లగా ఉన్నప్పటి ఓంలు, 9 వ్యాసం. ఈ రెండింటినీ ఒకే రీతిలో చదివి పొరబడేవాళ్లు చాలామంది.

కెపాసిటరు మీద ఎక్స్2 అనో వై1 అనో (ఇవి భద్రతా తరగతి గుర్తులు) ఉంటే అదే గుర్తున్నదే వేయాలి. మైక్రోఫారడ్ కలిసింది కదా అని మామూలుది వేస్తే మంటలకో షాకుకో దారిచ్చినట్టే. గోధుమరంగు చిప్ కెపాసిటర్ల మీద ఏమీ రాయరు, ఊడదీసి కొలవడమొక్కటే దారి.

ప్రశ్న: మూడు కాళ్ల నల్లటి చిన్న ముక్కల మీద జే3వై, ఏ7, 1ఏఎం అని ఉంది. ఆ పేర్లతో దుకాణంలో ఏవీ లేవన్నారు.
— సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకుంటున్న పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఒళ్లు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, పూర్తి పేరు పట్టదు. అందుకని తయారీదారులు పొట్టి గుర్తు వేస్తారు. జే3వై సాధారణంగా ఎస్8050, 1ఏఎం ఎంఎంబీటీ3904. రెండూ ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లే (ట్రాన్సిస్టర్లలో ఇదొక రకం, పీఎన్‌పీ రెండోది). ఏ7 మాత్రం ట్రాన్సిస్టరే కాదు, ఒకే ఒంట్లో రెండు డయోడ్లున్న బీఏవీ99. 702 అంటే 2ఎన్7002 మాస్‌ఫెట్ (వోల్టేజీతో నడిచే మరో రకం ట్రాన్సిస్టరు). 1ఎఫ్ బీసీ847బీ; దాని వెనక చిన్న అక్షరం ఏదైనా ఉంటే అది ఫ్యాక్టరీ గుర్తు, కోడ్‌లో కలపకండి.

ఒకే గుర్తును ఇద్దరు తయారీదారులు వేర్వేరు భాగాలకు వాడటం మామూలే, కాబట్టి మీటరు మాట వినండి. డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఒంటికాలు పైకి, రెండు కాళ్లు కింద ఉండేలా పట్టుకుంటే కింద ఎడమది 1, కుడిది 2, పైది 3. ట్రాన్సిస్టరైతే మామూలుగా 1 బేస్, 2 ఎమిటర్, 3 కలెక్టర్. ఎర్ర ప్రోబు 1 మీద పెట్టి నల్లదాన్ని 2 మీద, తర్వాత 3 మీద పెడితే రెండుసార్లూ 0.6, 0.7 మధ్య వస్తే ఎన్‌పీఎన్. బీఏవీ99 అయితే 1 నుంచి 3కు ఒకసారి, 3 నుంచి 2కు ఒకసారి వస్తుంది. 2 నుంచి 3కు మాత్రమే వస్తే 2ఎన్7002 లాంటి ఎన్-చానెల్ మాస్‌ఫెట్ అని అనుమానించండి. ఈ పరీక్ష ఊడదీశాకే నమ్మదగ్గది.

ప్రశ్న: పాత ఆంప్లిఫయరులో సీ1815 బదులు బీసీ547 వేస్తే పనిచేయలేదు. రెండూ ఎన్‌పీఎన్‌లే కదా?
— బెజవాడ

జవాబు: ఎన్‌పీఎన్‌లే, కాళ్ల వరుసే వేరు. సీ1815 అసలు పేరు 2ఎస్‌సీ1815. జపాన్ పద్ధతిలో ముందరి 2ఎస్‌ను ఒంటిమీద వేయరు. ఏ, బీ ఉంటే పీఎన్‌పీ. సీ, డీ ఉంటే ఎన్‌పీఎన్. చదునుముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉంచితే సీ1815లో ఎడమనుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ547లో కలెక్టర్, బేస్, ఎమిటర్. అంటే మూడు కాళ్లలో ఒక్కటీ సరైన రంధ్రంలో పడలేదు. స్లీవు (సన్నటి గొట్టంలాంటి తొడుగు) తొడిగి కాళ్లు మెలితిప్పి వేయండి. చివర జీఆర్ అని ఉంటే గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో) 200–400, వై అయితే 120–240.

ప్రశ్న: గీత ఉన్నవైపు ప్లస్సా, మైనస్సా? ఇంకోటి, ఎస్ఎస్34 దొరకక ఎం7 వేస్తే అడాప్టరు కాలుతోంది.
— ఖమ్మం

జవాబు: డయోడు మీద గీత కేథోడ్, అంటే కరెంటు బయటికి వెళ్లే కాలు. అల్యూమినియం కెపాసిటరు మీద గీత మైనస్. పసుపుపచ్చని చిప్ టాంటలం కెపాసిటరు మీద గీత ప్లస్! దాన్ని తిరగేసి వేస్తే షార్టయి మంట కూడా రావచ్చు. దానిమీద 107ఏ అంటే 100 మైక్రోఫారడ్లు, 10 వోల్టులు. ఏ బదులు సీ ఉంటే 16 వోల్టులు.

ఎం7 అంటే 1ఎన్4007కు చిప్ రూపం: 1 ఆంపియరు, 1000 వోల్టులు. ఎస్ఎస్34 3 ఆంపియర్ల, 40 వోల్టుల షాట్కీ, అంటే తక్కువ వోల్టేజీ పోగొట్టుకుని చురుగ్గా ఆగే డయోడు. ఎం7లో వృథాగా పోయే వోల్టేజీ దానికి రెట్టింపు దాకా ఉంటుంది, సెకనుకు వేలసార్లు ఆగి సాగే కరెంటును అది చప్పున ఆపలేదు. అందుకే కాలుతోంది, వెంటనే తీసేయండి. 40 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్ఎస్54 దొరికితే, బోర్డు మీది జాగాలో పడితే వేయవచ్చు.

ప్రశ్న: ఐసీ మీద 2314 అని స్పష్టంగా ఉంది, పై వరుస చెరిగినట్టుంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా దొరకలేదు.
— హైదరాబాద్

జవాబు: దొరకదు, అది చాలావరకు తయారీ తేదీ: 2023లో 14వ వారం. పేరు ఉండేది పై వరుసలోనే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక సుద్దపొడి వేలితో రుద్ది, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి భూతద్దంతో చూడండి. లేజరుతో చెక్కిన అక్షరాలైతే తేలతాయి.