కంగారు, బీపీ, మతిమరుపు: మూడూ ఒకే మూటలో వస్తాయా?

మీ నాన్నగారిది కంగారు స్వభావం, తర్వాత బీపీ వచ్చింది, చివర్లో మతిమరుపు అన్నారు. కంగారు మీకూ వచ్చింది కాబట్టి మిగతా రెండూ జీన్స్‌లో రాసిపెట్టి ఉన్నట్టేనా అని అడిగారు. ఇదే భయంతో నేను చాలా ఏళ్ళు గడిపాను.

మా అమ్మ చిన్న విషయానికే రాత్రంతా మేలుకునేది. నలభై దాటాక బీపీ, డెబ్భై దాటాక మనుషుల పేర్లు మర్చిపోవడం. నాది అచ్చం అమ్మ పోలికని అందరూ అనేవాళ్ళు. అందుకే ఎవరి పేరైనా టక్కున గుర్తుకు రాకపోతే నాకు గుండె ఝల్లుమనేది.

మెదడు, మనసు తీరుకూ శరీర ఆరోగ్యానికీ సంబంధం లేదని చెప్పను, ఉంది. స్కాట్లాండ్‌లో 1921లో పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ, అంటే 87 వేల మందికి పైగా, 1932లో ఒకేరోజు తెలివితేటల పరీక్ష పెట్టారు. దశాబ్దాల తర్వాత ఆ రికార్డులు తీసి చూస్తే, పదకొండేళ్ళ వయసులో మంచి మార్కులు వచ్చినవాళ్ళు సగటున ఎక్కువకాలం బతికారు. 2016లో, బ్రిటన్‌లో లక్షలమంది ఆరోగ్య వివరాలు, డీఎన్ఏ భద్రపరిచే యూకే బయోబ్యాంక్‌లోని లక్షా పన్నెండు వేల మంది డీఎన్ఏ పరిశీలించినప్పుడు, ఆలోచనాశక్తికి, గుండెజబ్బు, పక్షవాతం, అల్జీమర్స్ వంటి వాటికి ఉమ్మడిగా కొన్ని జన్యు తేడాలు కనిపించాయి. కంగారు స్వభావానికి, డిప్రెషన్‌కు మధ్య ఈ ముడి ఇంకా గట్టిది.

అయితే మంచివన్నీ ఒక మూట, చెడ్డవన్నీ ఒక మూట అనుకోకండి. ఆటిజం వైపు మొగ్గే జన్యు తేడాలే సగటున మెరుగైన ఆలోచనాశక్తితోనూ కలిసి కనిపిస్తాయి. పైగా ఇవన్నీ లక్షలమందిని కలిపి తీసిన సగటులు. ఒక్కో జన్యు తేడా ప్రభావం చాలా చిన్నది, అలాంటివి వేలల్లో ఉంటాయి. మీ ఒక్కరికి ఏం జరుగుతుందో వాటినిబట్టి ఎవరూ చెప్పలేరు.

నా భయాన్ని బాగా తగ్గించింది ఐస్‌లాండ్‌లో జరిగి 2018లో వచ్చిన పరిశోధన. తల్లిదండ్రుల్లో ఉండి పిల్లలకు రాని జన్యువులు కూడా ఆ పిల్లల చదువుమీద ప్రభావం చూపాయట. అంటే అవి పనిచేసింది రక్తం ద్వారా కాదు, పెంచిన తీరు ద్వారా, ఇంటి వాతావరణం ద్వారా. అది చదివాక అమ్మ కంగారు నాకు పుట్టుకతో ఎంత వచ్చిందో, ఆమె మేలుకున్న రాత్రులు చూస్తూ పెరగడంవల్ల ఎంత అబ్బిందో అని మొదటిసారి ఆలోచించాను. మా తమ్ముడూ నాలాగే కంగారు మనిషి. వాడికి ఇప్పటికీ బీపీ లేదు.

నాకు మాత్రం వచ్చింది. అమ్మకు మాత్రలంటే భయం, ఎగ్గొట్టేది. నేను ఒక్కరోజూ మానను. ఎందుకంటే నడివయసులో అదుపులేని బీపీ తర్వాత మతిమరుపు ముప్పును పెంచుతుంది, అమ్మ విషయంలో ఆ దారి తెరిచే ఉండిపోయింది. నా మరుపు గురించి డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు నిద్ర, టెన్షన్ గురించి అడిగి, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించారు. నా విషయంలో అసలు కారణం నిద్రలేమి. కౌన్సెలింగ్‌తో నిద్ర కుదుటపడ్డాక పేర్లు మళ్ళీ గుర్తుంటున్నాయి.

మీరు ముందు బీపీ చూపించుకోండి. ఇంకొకటి, నాన్నగారికి మతిమరుపు ఏ వయసులో మొదలైంది? అరవై అయిదు లోపే అయితే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. అంత త్వరగా వచ్చే రకం కొన్ని కుటుంబాల్లో ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుంది, దాన్ని విడిగా చూడాలి.