ఆంజాక్ డే నాడు కొట్టు మూస్తే జీతం పోతుందా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఏమనుకోకు. "ఏప్రిల్ 25న షాపు మధ్యాహ్నం దాకా తెరవరంట అన్నా, ఆ రోజు జీతం కట్ అవుతుందా, ఓనర్‌ని అడిగితే ఏమన్నా అనుకుంటాడా?" ఇక్కడ న్యూజిలాండ్‌లో ఆ రోజు ఆంజాక్ డే, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే సెలవు. సరిగ్గా ఇదే టెన్షన్ 2012లో నాకూ ఉంది. నువ్వు కనీసం అడిగావు, నేను అదీ చెయ్యలా. అడగనందుకు ఎంత పోయిందో పైసలతో సహా చెప్తా, ఓపిగ్గా చదువు.

నీది కావలి అన్నావు, మాది కందుకూరు పక్క పల్లె. 2022లో మా ఊరిని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, అప్పుడు మనది ఒకే జిల్లా అయింది. ఇంట్లో పొగాకు సేద్యం. నేను ఆక్లాండ్ వచ్చేటప్పుడు మా నాయన తెచ్చిన అప్పు పది లక్షలు, రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి ఇరవై వేలు ఒట్టి వడ్డీకే. పొద్దున కళ్ళు తెరిస్తే ముందు ఆ ఇరవై వేలే కనపడేది, తర్వాతే కిటికీ. స్టూడెంట్ వీసా మీద అప్పట్లో వారానికి 20 గంటలే పని. మనవాళ్ళదే ఒక రెండు డాలర్ల షాపులో దొరికింది, ప్లాస్టిక్ డబ్బాలు, కొవ్వొత్తులు, బెలూన్లు అమ్మే రకం. బుధవారం, శనివారం ఎనిమిదేసి గంటలు, ఆదివారం నాలుగు.

ఆ ఏడు ఏప్రిల్ 25 బుధవారం పడింది. ముందురోజు ఓనర్ "రేపు ఆంజాక్ డే, ఒంటిగంటకి వచ్చి అయిదు దాకా చెయ్యి చాలు" అన్నాడు. సరే అన్నా. ఆంజాక్ అంటే ఏదో కంపెనీ పేరనుకున్నా, నిజంగా. మధ్యాహ్నం తలుపు తీయగానే ఒక పెద్దావిడ వచ్చింది, నల్ల కోటు, కోటుకి ఎర్ర గసగసాల పువ్వు, కుడివైపు వరసగా నాలుగు మెడల్స్. పండగే కదా అని పళ్ళన్నీ కనపడేలా "హ్యాపీ ఆంజాక్ డే" అన్నా. ఆమె ఒక క్షణం నన్ను చూసి, మెడల్స్ మీద చెయ్యి వేసి, "ఇవి మా నాన్నవి" అంది, అంతే. ఎవరి మెడల్స్ వాళ్ళు ఎడమవైపు పెట్టుకుంటారు, చనిపోయిన వాళ్ళవి ఇంట్లోవాళ్ళు కుడివైపు పెట్టుకుంటారు అని తర్వాతెప్పుడో తెలిసింది. ఆంజాక్ అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల దళం. 1915 ఏప్రిల్ 25న అది టర్కీలోని గల్లిపోలి ఒడ్డున దిగింది, ఆ పోరులో దాదాపు 2,800 మంది న్యూజిలాండ్ వాళ్ళు పోయారు. మన భారత ఫిరంగి దళం కూడా ఆ రోజు వాళ్ళతోపాటే దిగింది, ఆ ముక్క మనకి స్కూల్లో ఎవరూ చెప్పలా. నువ్వు మాత్రం ఎవరికీ హ్యాపీ చెప్పకు.

సరే, డబ్బు సంగతికొద్దాం. వారం చివర ఆ నాలుగు గంటలకి గంటకి పదమూడున్నర చొప్పున 54 డాలర్లు ఇచ్చాడు. నేను థాంక్స్ అని తీసుకున్నా! రాత్రి ఫోన్‌లో సగం రోజు పోయిందని చెప్తే మా నాయన "మూసిన కొట్టుకి కూలి ఎవురిస్తార్రా" అన్నాడు. ఆయన లెక్కలో అది న్యాయమే, పొగాకు వేలం కేంద్రం మూసిన రోజు మా బేళ్ళకి ఎవడన్నా డబ్బులిచ్చాడా?

ఇక్కడ లెక్క వేరు. బుధవారం నా మామూలు డ్యూటీ రోజు. అసలు షాపు తెరవకపోయినా, నేను ఇంట్లో పడుకున్నా, ఎనిమిది గంటల జీతం 108 డాలర్లు రావాలి. పని చేయించుకున్నాడు కాబట్టి చేసిన గంటలకి ఒకటిన్నర రెట్లు, అంటే 81 డాలర్లు, దానిపైన ఇంకో రోజు జీతంతో సెలవు. ఆ రోజు ఒక్క గంట చేసినా సెలవు మాత్రం పూర్తి రోజే. మొత్తం 189 విలువ, నాకొచ్చింది 54. పోయింది 135 డాలర్లు, అప్పటి రేటులో అయిదున్నర వేల పైమాటే. నా అప్పు మీద ఎనిమిది రోజుల వడ్డీ, తమ్ముడూ. పద్నాలుగేళ్ళయినా మర్చిపోలేదు.

ఇది ఎప్పుడు తెలిసిందనుకున్నావ్? తర్వాతి ఏడు వేరే గోడౌన్‌లో చేరాక. ఆంజాక్ డే పోయాక పేస్లిప్‌లో ఆ రోజు గంటలకి మామూలు కంటే ఎక్కువ డబ్బు కనపడింది, కింద ఆల్టర్నేటివ్ హాలిడే (బదులు సెలవు) 1 అని ఇంకో గీత. కంపెనీ పొరపాటున వేసిందనుకుని, మళ్ళీ లాక్కుంటారేమోనని మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా దాచా. పక్క టేబుల్ దగ్గర చేసే సమోవా దీవుల అక్క ఒకరోజు "నీ సెలవు ఎప్పుడు వాడతావు" అని అడిగితే అప్పుడు బయటపడింది. ఆమె నవ్విన నవ్వు చూడాలి. అయితే అప్పటికి పాత షాపు వదిలేశా. మానేసేటప్పుడు మిగిలిన సెలవు డబ్బు కూడా కట్టాలని తెలిసినా వెళ్ళి అడగలేదు, మనోడే కదా అని మొహమాటం. మొహమాటం బ్యాంకులో వేస్తే వడ్డీ రాదని అప్పటికి తెలియదు.

నీ సంగతికి వస్తే, రూల్స్ ప్రభుత్వ సైట్‌లో ఉన్నాయి, నువ్వే చదువుకో. ముక్క మాత్రం చెప్తా. మధ్యాహ్నం ఒంటిగంట దాకా మూసెయ్యాలన్నది షాపులకే, గోడౌన్లకీ ఫ్యాక్టరీలకీ కాదు. హోటళ్ళు, పెట్రోలు బంకులు, మందుల షాపులు, పాలూ బ్రెడ్డూ అమ్మే చిన్న కొట్లు తెరవొచ్చు. ఆ చిన్న కొట్లని ఇక్కడ డెయిరీ అంటారు, నేను మొదట్లో ఒంగోలు డెయిరీ లాంటిదేమో అనుకుని గేదెల కోసం వెతికా. గాంధీ జయంతి నాడు మనూళ్ళో వైన్ షాపు వెనక తలుపు తీసినట్టు ఇక్కడ తీస్తే ఓనర్‌కి వెయ్యి డాలర్ల దాకా ఫైను, నీకు కాదు.

2026లో ఏప్రిల్ 25 శనివారం, అసలు మెలిక అక్కడుంది. నువ్వు మామూలుగా శనివారం చేసేవాడివైతే శనివారమే నీ హాలిడే. సోమవారం నుంచి శుక్రవారం చేసేవాడివైతే 27 సోమవారానికి జరుగుతుంది. రెండూ చేసేవాడికి శనివారం ఒక్కటే, రెండు సార్లు రాదు. షాపు మూసేది మాత్రం ఎవరికైనా శనివారం పొద్దునే. ఈస్టర్ ఆదివారంతో కలిపి లెక్కెయ్యకు, ఆ రోజు చాలా షాపులు మూస్తారు గానీ అది పబ్లిక్ హాలిడే కాదు, ఒకటిన్నర రాదు. నేను అదీ అడిగి ఫూల్ అయ్యా.

కాబట్టి రేపే నీ పాత రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) ఫోటో తీసి పెట్టుకో, ఎన్ని శనివారాలు చేశావో తెలియాలి, నీ మామూలు రోజు ఏదన్న వాదన వస్తే అవే చూస్తారు. కాంట్రాక్టులో పబ్లిక్ హాలిడే పని గురించి ఏం రాశారో చదువు. తర్వాత ఓనర్‌కి "అన్నా, 25 నా డ్యూటీ రోజే కదా, చేస్తే ఒకటిన్నరా, సెలవూ పేస్లిప్‌లో వస్తాయి కదా" అని మెసేజ్ పెట్టు. ఫోన్ కాదు, మెసేజ్. మంచోడైతే వస్తాయంటాడు. కాకపోతే ప్రభుత్వ ఉద్యోగ హెల్ప్‌లైన్ 0800 20 90 20కి ఫోన్ చెయ్యి, డబ్బు ఖర్చవదు.

నేనా? ఇప్పుడు అదే గోడౌన్‌లో సూపర్‌వైజర్‌ని, నాయన అప్పు ఎప్పుడో తీరింది, ఇప్పుడు ఇంటి లోను. ఆ శనివారం తెల్లారుజామున పిల్లల్ని స్మారకం దగ్గరికి తీసుకెళ్ళి, కాఫీ తాగి, పది గంటలకి డ్యూటీ ఎక్కుతా. శనివారం నా మామూలు షిఫ్టే, రోస్టర్ ఫోటో ఫోన్‌లో ఉంది.