మైనం సంచులు కర్నూలు ఎండకు ఆగుతాయా?

ప్రశ్న: మాది కర్నూలు. పైన మరో అంతస్తు లేని స్లాబు ఇల్లు. వేసవిలో రాత్రి 11 దాటినా పడకగదిలో సెగ తగ్గదు. ఫాల్స్ సీలింగ్ పైన మైనం నింపిన సంచులు పరిస్తే అవి పగటి వేడిని మింగేస్తాయని, ఇక ఏసీతో పనే ఉండదని ఒక వ్యాపారి చెబుతున్నారు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకుడు

జవాబు: సంచుల వెనకున్న సూత్రం నిజమే. ఏసీతో పనే ఉండదన్న మాటను మాత్రం నమ్మకండి.

ముందు మీ స్లాబు సంగతి చూద్దాం. 12 సెంటీమీటర్ల మందమున్న కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 290 కిలోలు తూగుతుంది. అది 20 డిగ్రీలు వేడెక్కితే చదరపు మీటరుకు దాదాపు 1.4 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి అందులో చేరుతుంది. 100 చదరపు మీటర్ల ఇంటికి లెక్క కడితే అది 140 యూనిట్లు. ఆ వేడి పైనుంచి అడుగుకు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది కనుకనే, పొద్దుగూకాక స్టూలెక్కి అరచేతిని సీలింగుకు ఆనిస్తే పొయ్యి మీద నుంచి దించి కాసేపైన పెనంలా తగులుతుంది, ఫ్యాను ఆ సెగనే మంచం మీదికి తోస్తుంది. వేడిని దాచే సాధనం మీ ఇంట్లో ఇప్పటికే ఉందన్నమాట. కాకపోతే మీరు పడుకునే వేళకు దాన్ని తిరిగి అప్పజెబుతోంది. మన పాత మిద్దెల మీద మందంగా పరిచిన చౌడుమన్ను ఆ వేడి దిగడాన్ని ఇంకా ఆలస్యం చేసేది, అయినా వేసవిలో మనవాళ్లు మిద్దె పైనే పడుకునేవారు.

ఇక మైనం. అది కరిగేటప్పుడు తన ఉష్ణోగ్రత పెరగకుండానే కిలోకు సుమారు 200 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. ఆ లెక్కన ఒక టన్ను ఏసీ గంటలో తీసే వేడిని మింగడానికి 63 కిలోల మైనం కావాలి. బరువు కన్నా పెద్ద చిక్కు రాత్రిదే. కరిగిన మైనం మళ్లీ గడ్డకడితేనే మరునాటికి పనికొస్తుంది. మన దగ్గర మే నెలలో చాలా రాత్రులు 27, 28 డిగ్రీల దగ్గరే నిలిచిపోతాయి కాబట్టి, 26 డిగ్రీల వద్ద కరిగే రకం ఒకసారి కరిగిందంటే ఏసీ వేస్తే తప్ప గడ్డకట్టదు; అప్పటిదాకా సీలింగు మీద అది ఉత్త బరువే. చలికాలంలో చక్కగా పనిచేస్తుంది, అప్పుడు మనకు దాని అవసరం ఉండదు. పైగా మైనం మండే పదార్థం.

మైనంలాగే కరిగి వేడిని దాచే, మండని ఉప్పులూ ఉన్నాయి. 1948లో అమెరికాలోని డోవర్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త గ్లాబర్ లవణం అనే సోడియం సల్ఫేట్ ఉప్పుతో ఒక ఇంటిని చలికాలంలో వెచ్చగా ఉంచారు, కానీ కొన్ని చలికాలాలకే ఆ లవణం పొరలుగా విడిపోయి పనిచేయడం మానేసింది. ఈ విడిపోవడాన్ని అరికట్టే చిక్కటి మిశ్రమాల మీదే ఇప్పటికీ పరిశోధన సాగుతోంది.

నా మట్టుకు నాకు మన ఎండకు తగినదిగా తోచేది మంచుగడ్డే. కరిగేటప్పుడు కిలోకు 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది, కనుక 150 కిలోల మంచులో ఒక టన్ను ఏసీ 4 గంటలు ఇచ్చే చల్లదనం దాగి ఉంటుంది. (ఏసీకి టన్ను అన్న కొలత వచ్చిందే ఒక అమెరికా టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడం నుంచి.) గని, శకునాల గ్రామాల వైపున్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు వంటివి మధ్యాహ్నమే ఎక్కువ కరెంటు ఇస్తాయి, ఇళ్లలో వాడకం సాయంత్రం పెరుగుతుంది, మధ్యాహ్నం మంచు చేసి సాయంత్రం వాడుకుంటే ఆ తేడా కొంత పూడుతుంది. అయితే ఇది ఆసుపత్రులు, పెద్ద కార్యాలయాల స్థాయి పని, ఒక్క పడకగదికి గిట్టుబాటు కాదు.

మీరు ముందుగా స్లాబు పైభాగానికి తెల్ల సున్నం గానీ తెల్ల టైల్స్ గానీ వేయించి, వీలైతే వాటి కింద వేడిని అడ్డే పొర పరిపించండి. ఆ తర్వాతా సంచుల మీద మనసుంటే, అవి ఎన్ని డిగ్రీల వద్ద కరుగుతాయో, చదరపు మీటరుకు ఎన్ని కిలోలు పరుస్తారో, నిప్పు తగలకుండా ఏం చేస్తారో అడగండి. ఈ మూడూ కాగితం మీద రాసివ్వనంటే అడ్వాన్సు ఇవ్వకండి.