బ్లడ్ గ్రూప్ కలిస్తే కిడ్నీ కలిసినట్టు కాదు

"బ్లడ్ గ్రూప్ కలిసి, సొంత మనిషే ఇచ్చినా శరీరం కిడ్నీని ఎందుకు తిప్పికొడుతుంది? అందులో జన్యువుల పాత్ర ఎంత?" అని అడిగారు. మా ఇంట్లో చూసింది చెబుతాను.

అమ్మకు డయాలసిస్ మొదలవగానే నాన్న "నాది తీసుకోండి" అన్నారు. ఇద్దరిదీ ఓ పాజిటివ్. తర్వాత క్రాస్‌మ్యాచ్ (ఇచ్చేవాళ్ల కణాల మీద తీసుకునేవాళ్ల రక్తం దాడి చేస్తుందేమో చూసే పరీక్ష) కూడా పాజిటివ్ అని వచ్చింది. పాజిటివ్ అంటే కలిసిందనుకుని నాన్న అప్పటికే నలుగురికి ఫోన్ చేసి చెప్పేశారు. అమ్మ సీరంలో, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవంలో, ఆయన తెల్లకణాలను కలిపితే అవి చచ్చిపోయాయని, ఆయన కిడ్నీ పెడితే గంటల్లోనే పాడైపోవచ్చని డాక్టర్ చెప్పాక నాన్న ముఖం చూడలేకపోయాను.

కారణం నేను. మన కణాల మీద హెచ్‌ఎల్ఏ అనే గుర్తులుంటాయి. వాటి జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద గుత్తిగా ఉంటాయి. అమ్మ నుంచి ఒక గుత్తి, నాన్న నుంచి ఒక గుత్తి వస్తాయి. నేను కడుపులో ఉన్నప్పుడు నాలోని నాన్న గుర్తుల్ని అమ్మ శరీరం పరాయివని పసిగట్టి యాంటీబాడీలు తయారు చేసుకుంది. ముప్ఫై ఏళ్లయినా మర్చిపోలేదు. దాంతో నాన్నా పనికిరాలేదు, నేనూ పనికిరాలేదు. నాన్నకున్న రెండు గుత్తుల్లో నాకు ఒకటి వస్తే, చెల్లికి రెండోది వచ్చింది. దాని మీద అమ్మకు యాంటీబాడీలు లేవు. చివరికి చెల్లే ఇచ్చింది.

"ఒకే రక్తం కదా, కలవకపోవడమేంటి?" అన్న బంధువులకు జవాబు చెప్పలేక అలిసిపోయాం. తోబుట్టువుల్లోనే రెండు గుత్తులూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే చేసిన కిడ్నీ మార్పిడి నిలబడింది కూడా, ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కాబట్టే.

ఇంకో బాధ ఉంది. రక్తం ఎక్కించినా ఇలాంటి యాంటీబాడీలు పుడతాయి. అమ్మకు మొదట్లో మూడుసార్లు ఎక్కించారు, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. పాతవాటిని మళ్లీ లేపింది అదేనని నా గట్టి నమ్మకం. మార్పిడి ఆలోచన ఉన్నవాళ్లు రక్తం ఎక్కించే ముందు "తప్పదా?" అని తప్పకుండా అడగండి.

ఆపరేషన్ తర్వాత కొత్త టెన్షన్. శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు లెవల్ అమ్మ రక్తంలో ఎంతకీ పెరగలేదు. లెవల్ తగ్గితే శరీరం కిడ్నీ మీద దాడి చేస్తుంది. అమ్మ మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదేమోనని ఆసుపత్రివాళ్లు అనుమానించారు. ఆవిడేమో గడియారం ముందు కూర్చుని మింగేది! తీరా చూస్తే అదీ జన్యువు సంగతే. సీవైపీ3ఏ5 అనే జన్యువు చురుగ్గా ఉన్నవాళ్లలో ఆ మందు త్వరగా విరిగిపోతుంది, డోసు ఎక్కువ కావాలి. డోసు పెంచాక లెవల్ దారికొచ్చింది. ఆ రిపోర్టు చెల్లి చేతిలో పెట్టి "చూడవే, నేను ఒక్క మాత్ర కూడా మానలేదు" అంది అమ్మ.