పుట్టుకతోనే సన్నటి జుట్టు.. ఒత్తుగా కనిపించాలంటే?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. చిన్నప్పటి నుంచీ నా జుట్టు పట్టుదారంలా సన్నగా ఉంటుంది. పొద్దున తలంటుకుంటే సాయంత్రానికే మాడుకు అతుక్కుపోతుంది. రోజూ కొబ్బరినూనె రాస్తున్నాను. వారానికోసారి గుడ్డుసొన పట్టిస్తున్నాను. ఏడాదిగా బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. ఒత్తుగా అవ్వాలంటే ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: వెంట్రుక ఎంత లావుగా రావాలన్నది కుదురులోనే తేలిపోతుందమ్మా. పైన ఏం రాసినా అది మారదు. ఉన్న జుట్టు మీద బరువు తగ్గిస్తే మాత్రం లేచి నిలబడుతుంది. మీరు చేస్తున్న మూడు పనుల్లో రెండు ఆ బరువును పెంచేవే.

కొబ్బరినూనె చెడ్డది కాదు. వెంట్రుకలోకి ఇంకి, తడిసినప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. కానీ సన్నటి, సాఫీ జుట్టులో మాడు మీద ఊరే జిడ్డే చివరిదాకా త్వరగా పాకేస్తుంది. దాని మీద రోజూ నూనె ఎందుకు? తలంటుకు గంట ముందు ఒక టీస్పూను, అదీ చెవుల కింది భాగానికే రాయండి. ఇక గుడ్డులోని ప్రొటీన్ వెంట్రుకలోకి దూరేంత చిన్నది కాదు. పచ్చసొనలోని కొవ్వు పూతలా మిగులుతుంది, వేడినీళ్లు పోస్తే సొన ఉడికి జుట్టులో ఇరుక్కుంటుంది. ఆ గుడ్డేదో తినేయండి.

అసలు చూసుకోవాల్సింది నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేశాక చాలా ఊళ్లలో ఉప్పు బోరే దిక్కవుతుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకకు పట్టి బిరుసెక్కిస్తాయి. సబ్బుతో రుద్దితే తెల్లటి తెట్టు కూడా తోడవుతుంది. కాచినా ఉప్పు పోదు. బోరునీళ్లతో తలంటుకున్నా, చివర్లో 2 చెంబుల ఫిల్టర్ నీళ్లో వాననీళ్లో పోసుకోండి. లేబుల్ మీద ఈడీటీఏ ఉన్న షాంపూ 15 రోజులకోసారి వాడితే పట్టిన ఖనిజాలు వదులుతాయి. కుంకుడుకాయలూ మంచివే. 5, 6 కాయల రసం పల్చటి గుడ్డలో వడకట్టండి, పిప్పి మిగిలితే సన్నటి జుట్టును వదలదు. మన ఉక్కపోతకు రెండు రోజులకోసారి తలంటుకున్నా తప్పులేదు. కండిషనర్ మాత్రం చివర్లకే.

ఆరబెట్టేటప్పుడు తల ముందుకు వంచి, వేళ్లతో కుదుళ్లను పైకి ఎత్తుతూ ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. డ్రయ్యరైతే చల్లగాలి మీద పెట్టండి. ముప్పాతిక ఆరాక పాపిడి రోజూ తీసే చోటికి అంగుళం పక్కకు తీస్తే అప్పటికప్పుడే తేడా తెలుస్తుంది.

నడుము దాకా పెంచిన సన్నటి జుట్టు తన బరువుకే అణిగిపోతుంది. భుజాలకు కాస్త కిందుగా, చివర్లు ఒకే వరుసలో ఉండేలా కత్తిరించమనండి. లేయర్లు, పల్చబరిచే పళ్ల కత్తెర వద్దనండి, చివర్లు ఎలకతోకలా అవుతాయి. పెళ్లిళ్లకు సవరం, బారెడు పూలు పెట్టుకోవచ్చు. రోజూ బిగించి జడ వేస్తే నుదుటి దగ్గర కుదుళ్లు లాగుడుకే దెబ్బతింటాయి.

బయోటిన్ మాత్రలు ఆ విటమిన్ లోపం ఉన్నవారికే పనిచేస్తాయి, ఆ లోపమూ అరుదే. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష ఫలితం తారుమారు కావచ్చు. రక్తం ఇవ్వడానికి కనీసం 3 రోజుల ముందు ఆపేసి, ల్యాబ్‌లోనూ ఆ సంగతి చెప్పండి.

పరీక్షలు అవసరమా అంటారా? పాపిడి వెడల్పవుతున్నా, జడ లావు మునుపటి కంటే తగ్గినా అది పుట్టుకతో వచ్చిన సన్నదనం కాదు, రాలడం. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. జ్వరమో కాన్పో అయిన 2, 3 నెలలకు కుచ్చులుగా రాలితే చాలావరకు తిరిగి వస్తుంది. అలాంటివేవీ లేకుండా పల్చబడుతుంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించుకుని చర్మవైద్యుల్ని కలవండి. మినాక్సిడిల్ మందు అలా పల్చబడేవారి కోసమే. మొదటి వారాల్లో రాలడం పెరగొచ్చు, ఆపేస్తే వచ్చిన ఫలితం పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. మీ జుట్టు చిన్నప్పటి నుంచీ ఇంతే అయితే మీకు దాని అవసరం లేదు.